ప్రభువులు వద్దన్న బొమ్మలు: స్వాన్సీ గిల్డ్‌హాల్ కథ

విద్యార్థులారా! మీ ఊళ్లో మునిసిపల్ ఆఫీసు ఎక్కడుందో మీకు తెలుసు. ఇంటిపన్ను కట్టడానికి, పుట్టినతేదీ ధ్రువపత్రం తెచ్చుకోవడానికి, కుళాయి నీళ్లు రాకపోతే అర్జీ ఇవ్వడానికి పెద్దవాళ్లు అక్కడికి వెళుతుంటారు. పని అయిపోగానే తిరిగి వచ్చేస్తారు. ఆ భవనం ఎదుట ఒక్క నిమిషం నిలబడి, దీన్ని ఎప్పుడు కట్టారు, ఎవరి డబ్బుతో కట్టారు, గోడమీద ఎవరి బొమ్మ పెట్టారు, ఎవరి బొమ్మ పెట్టలేదు అని చూసేవాళ్లు తక్కువ. చరిత్ర చదివేవారు మాత్రం ఈ ప్రశ్నలు వేయాలి. రాజుల కోట ఆ రాజు తనను గురించి ఏమనుకున్నాడో చెబుతుంది. పురపాలక భవనం ఒక ఊరి జనం తమను గురించి ఏమనుకున్నారో చెబుతుంది.

ఈ పాఠంలో అలాంటి ఒక భవనాన్ని చూద్దాం. అది మన దేశంలోది కాదు. బ్రిటన్ ద్వీపానికి పడమటి వైపున ఉన్న వేల్స్‌లో, స్వాన్సీ అనే రేవు పట్టణంలో ఉంది. దాని పేరు గిల్డ్‌హాల్. 1934లో ప్రారంభమైంది. అంత దూరపు కట్టడం సంగతి మనకెందుకని మీరు అడగవచ్చు. ఆ భవనంలోని పెద్ద సభామందిరం గోడలమీద ఇండియా పేరుతో ఉన్న బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ బొమ్మలను మొదట గీయించింది స్వాన్సీ కోసం కాదు, లండన్‌లోని ప్రభువుల సభ కోసం. ప్రభువులు వద్దన్నారు. ఈ ఊరు తెచ్చుకుంది. తెచ్చుకోవడానికి తన కప్పునే ఎత్తుగా కట్టుకుంది. ఆ కథలోకి వెళ్లేముందు ఊరిని గురించి కొంత తెలుసుకోవాలి.

ముందుగా పేరు చూడండి. గిల్డ్ అంటే ఒకే వృత్తివాళ్లో, ఒకే వ్యాపారం చేసేవాళ్లో కట్టుకున్న సంఘం. మన చరిత్ర పుస్తకాల్లో వర్తక శ్రేణులు అని చదివారే, ఇంచుమించు అవే. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో ఊరి వ్యవహారాలు చాలావరకు ఈ శ్రేణుల పెద్దల చేతుల్లో ఉండేవి. వాళ్లు కూడే చావడి గిల్డ్‌హాల్. కాలక్రమంలో శ్రేణులు బలహీనపడ్డాయి, పేరు మాత్రం మిగిలింది. 1835లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో స్వాన్సీ వంటి పట్టణాలకు పన్ను చెల్లించేవారు ఎన్నుకునే పురపాలక మండలులు వచ్చాయి. అప్పటినుంచి ఊరి సభాభవనం కట్టడం అంటే ఆ ఎన్నికైన మండలి తన గౌరవాన్ని రాతిలో చూపించుకోవడమే. మన దేశంలో స్థానిక స్వపరిపాలన గురించి రిపన్ ప్రభువు 1882లో చేసిన తీర్మానాన్ని మీరు చదివే ఉంటారు. మద్రాసు కార్పొరేషన్ 1913లో కట్టుకున్న తెల్లని భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆ ఆలోచన కూడా ఈ వరుసలోదే.

ఇప్పుడు స్వాన్సీకి వద్దాం. వేల్స్ దక్షిణ తీరంలో, తావె అనే నది సముద్రంలో కలిసే చోట ఈ ఊరు ఉంది. ఇక్కడి లోయలో బొగ్గు నేలకు చాలా దగ్గరగా దొరికేది. సముద్రానికి అవతల కార్న్‌వాల్‌లో రాగి ఖనిజం ఉండేది, బొగ్గు ఉండేది కాదు. ఆ రోజుల కొలుముల్లో ఒక టన్ను ఖనిజాన్ని కరిగించడానికి అంతకు ఎన్నో రెట్లు బొగ్గు కావాలి. కనుక బొగ్గును ఖనిజం దగ్గరకు మోసుకుపోవడం కంటే ఖనిజాన్ని బొగ్గు దగ్గరకు తేవడమే లాభం. ఓడలు ఖనిజంతో వచ్చి, తిరుగు ప్రయాణంలో బొగ్గుతో వెళ్లేవి. 1717లో ఈ లోయలో మొదటి పెద్ద రాగి కొలిమి వెలిసింది. వంద సంవత్సరాలు గడిచేసరికి ప్రపంచంలో కరిగే రాగిలో పెద్ద వాటా ఈ చిన్న లోయనుంచే వచ్చేది. క్యూబానుంచి, చిలీనుంచి కూడా ఖనిజం ఇక్కడికి వచ్చింది. ఈ ఊరికి రాగిపట్టణం అని అర్థం వచ్చే మారుపేరు కూడా పెట్టారు.

ఆ రాగి ఎక్కడికి పోయింది? ఇక్కడే మన సంగతి మొదలవుతుంది. 18వ శతాబ్ది రెండో సగంలో ఈస్టిండియా కంపెనీ ఓడలు బ్రిటిష్ రాగిని పెద్ద ఎత్తున భారతదేశానికి తెచ్చి అమ్మాయి. దానిలో చాలా భాగం స్వాన్సీ చుట్టుపక్కల కొలుముల్లో కరిగినదే. రాగి అనగానే మనకు చెంబు, బిందె, గంగాళం, పాత పైసలు గుర్తుకొస్తాయి. ఆనాటి మన బజారులో ఆ లోహంలో కొంత, పేరైనా వినని ఒక వేల్స్ లోయనుంచి వచ్చిందని ఎవరు ఊహించగలరు? అదే రాగి అట్లాంటిక్ బానిస వ్యాపారంలో కూడా చెలామణీ అయింది. ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి రాగి, ఇత్తడి వస్తువులు వాడారు. బానిస ఓడల అడుగుభాగాలకు రాగి రేకులు తొడిగారు. ఊరి సంపద చరిత్రలో ఈ పుట కూడా ఉంది.

లాభం బయటకు వెళ్లింది, పొగ ఊళ్లో ఉండిపోయింది. కొలుముల గంధకపు పొగకు లోయలో చెట్లు, చివరకు గడ్డి కూడా చచ్చిపోయాయి. కొండవాలుల్లో మట్టి నిలవక కొట్టుకుపోయింది. గనుల చెత్త, కొలుముల చిట్టెం గుట్టలుగా పేరుకున్నాయి. 19వ శతాబ్ది చివరినాటికి రాగి వ్యాపారం ఇతర దేశాలకు తరలిపోయింది. తగరపు రేకుల పరిశ్రమ, రేవు, తర్వాత చమురు శుద్ధి ఊరిని నిలబెట్టాయి. పచ్చదనం మాత్రం తిరిగి రాలేదు. 1961లో ఆ లోయను బాగుచేసే పథకం మొదలయ్యేదాకా అది బోడినేలగానే ఉంది. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

స్వాన్సీకి ఒక పోటీ ఊరు ఉంది. అది తూర్పున సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్డిఫ్. బొగ్గు ఎగుమతితో కార్డిఫ్ చాలా త్వరగా పెరిగింది. 1905లో నగర హోదా పొందింది. 1906లో తన సిటీ హాల్‌ను ప్రారంభించుకుంది. లాంచెస్టర్, స్టువర్ట్, రికార్డ్స్ అనే ముగ్గురు వాస్తుశిల్పులు పోటీలో గెలిచి దాన్ని కట్టారు. 194 అడుగుల గడియార స్తంభం, గుమ్మటం, గుమ్మటం మీద వేల్స్ చిహ్నమైన డ్రాగన్, గోడలనిండా శిల్పాలు. కళ్లు తిప్పుకోనివ్వని కట్టడమే అది. పెళ్లికూతురికి ఉన్న నగలన్నీ ఒకేసారి పెట్టినట్టు ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆ ముగ్గురిలో లాంచెస్టర్ తర్వాత మన దేశంలో కూడా పనిచేశారు. మద్రాసు ప్రభుత్వానికి పట్టణ ప్రణాళికల విషయంలో సలహాలిచ్చారు. కరవుకాలంలో జనానికి పని కల్పించడానికని 1929లో జోధ్‌పూర్‌లో మొదలుపెట్టిన ఉమేద్ భవన్ ప్యాలెస్‌కు వాస్తుశిల్పి ఆయనే. అది 1943లో పూర్తయింది.

కార్డిఫ్ అంత పని చేసిన తర్వాత స్వాన్సీ ఊరుకుంటుందా? అయితే స్వాన్సీ వంతు వచ్చేసరికి కాలం మారిపోయింది. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1929 తర్వాత ఆర్థికమాంద్యం వచ్చింది. దక్షిణ వేల్స్‌లో గనులు, కార్ఖానాలు మూతబడి వేలాదిమంది పనిలేక వీధుల్లో నిలబడ్డారు. అలాంటి రోజుల్లోనే స్వాన్సీ తన కొత్త గిల్డ్‌హాల్ కట్టింది. రేవు దగ్గర ఉన్న పాత గిల్డ్‌హాల్ 19వ శతాబ్దానిది, ఇప్పటి అవసరాలకు చాలలేదు. అది తర్వాత ఈ ఊళ్లోనే పుట్టిన కవి డిలన్ థామస్ పేరుతో సాహిత్యకేంద్రం అయింది. 1995లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దాన్ని ప్రారంభించారు.

కొత్త భవనానికి ఎంచుకున్న స్థలం విక్టోరియా పార్కు. ఇది ఊరికి పడమట, సముద్రపు అఖాతానికి దగ్గరగా ఉంది. పరిశ్రమల లోయ ఊరికి ఉత్తరాన, తూర్పున ఉంది. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతినుంచి వీస్తుంది కాబట్టి పొగ ఇటువైపు తక్కువ. డబ్బున్నవాళ్ల ఇళ్లు కూడా ఈ వైపునే పెరిగాయి. అంటే, ఏ కొలుముల మీద ఊరు బతికిందో, ఆ కొలుములకు వీపు చేసి గిల్డ్‌హాల్ సముద్రం వైపు వెళ్లి నిలబడింది.

వాస్తుశిల్పి పెర్సీ థామస్. ఆయన కార్యాలయం పోటీ ఊరైన కార్డిఫ్‌లోనే ఉండేది. తర్వాతి కాలంలో బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థకు రెండుసార్లు అధ్యక్షుడయ్యారు, 1939లో ఆ వృత్తిలో అత్యున్నతమైన రాయల్ గోల్డ్ మెడల్ అందుకున్నారు. ఆయన కట్టిన గిల్డ్‌హాల్‌కూ కార్డిఫ్ సిటీ హాల్‌కూ మధ్య ఇరవై ఎనిమిది సంవత్సరాలే తేడా. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వంద సంవత్సరాల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండింటికీ రాయి ఒకటే. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో దొరికే తెల్లని సున్నపురాయి. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్ కూడా దానితో కట్టినదే. దక్షిణ వేల్స్ సొంత రాయి వేరు. అది బూడిదరంగు ఇసుకరాయి, అక్కడి సాధారణ ఇళ్లు, ప్రార్థనాలయాలు ఎన్నో దానితో కట్టినవే. తమ కాళ్లకింద ఉన్న రాయిని వదిలి దూరంనుంచి తెల్లరాయి తెప్పించడంలో ఒక కోరిక ఉంది. లండన్‌లో ప్రభుత్వ భవనం ఏ రంగులో ఉంటుందో తమదీ ఆ రంగులో ఉండాలని. పొగకు నల్లబడిన ఊళ్లో ఆ తెలుపు ఎంత దూరంనుంచి కనబడి ఉంటుందో ఊహించండి.

రాయి ఒకటే అయినా తీరు వేరు. స్వాన్సీలో గుమ్మటం లేదు. గోడలు పొడుగ్గా, చదునుగా, దాదాపు బోసిగా ఉంటాయి. కిటికీల చుట్టూ తీగలు, పూలదండలు, దేవతామూర్తులు లేవు. గ్రీకు, రోమన్ కట్టడాల కొలతలు, ఎడమకు కుడికి సమతూకం ఉంచుకుని, పైనున్న అలంకారాన్ని మాత్రం గీకివేసిన పద్ధతి ఇది. రెండు యుద్ధాల మధ్యకాలంలో అనేక దేశాల్లో ప్రభుత్వ భవనాలను ఈ పద్ధతిలో కట్టారు. డబ్బు తక్కువ కావడం ఒక కారణం. పాత అలంకారాలమీద నమ్మకం సడలిపోవడం ఇంకొకటి. పూర్తిగా కొత్త పద్ధతికి, అంటే గాజు, ఉక్కు, కాంక్రీటు కళ్లకు కనిపించే కట్టడాలకు, పురపాలక మండలులు ఇంకా సిద్ధంగా లేవు. ఆ తటపటాయింపులోంచి ఈ శైలి పుట్టింది. చూడగానే ఆకర్షించే భవనం కాదని నేను ఒప్పుకుంటాను. నిదానంగా చూస్తే గోడకూ కిటికీకీ మధ్య కొలతలో ఒక నిబ్బరం కనబడుతుంది.

నాలుగు భాగాలుగా ఉన్న ఈ కట్టడం మధ్యలో ఖాళీస్థలం ఉంది. ఒకవైపు పురపాలక మండలి సభామందిరం, కార్యాలయాలు, ఒకవైపు న్యాయస్థానాలు, ఇంకోవైపు కచేరీలకు, సభలకు పెద్ద మందిరం. పన్ను కట్టేవాడు, కోర్టు పిలుపు అందుకున్నవాడు, పాట వినడానికి వచ్చినవాడు, అందరూ ఒకే కట్టడానికి వస్తారు. మన ఊళ్లలో మునిసిపల్ ఆఫీసు ఒకచోట, కోర్టు ఇంకోచోట, టౌన్‌హాల్ మరోచోట ఉండటం అలవాటు గనుక ఇది గమనించదగిన విషయం.

ముందుభాగంలో సుమారు 160 అడుగుల గడియార స్తంభం ఉంది. దాని అడుగున ఎత్తైన కమాను కిందనుంచి లోపలికి ప్రవేశిస్తారు. స్తంభం పైభాగం చూస్తే రాతిలోంచి ఓడ ముక్కు ఒకటి ముందుకు పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. అది వైకింగుల ఓడ. వైకింగులంటే వెయ్యేళ్ల కిందట ఉత్తరదేశాలనుంచి ఓడల్లో వచ్చి తీరప్రాంతాలను దోచుకున్నవాళ్లు, కొన్నిచోట్ల స్థిరపడ్డవాళ్లు. స్వాన్సీ అనే ఇంగ్లిష్ పేరు స్వైన్ అనే వైకింగు పేరునుంచి వచ్చిందని, స్వైన్ ద్వీపం అని దాని అర్థమని చెబుతారు. ఆ స్వైన్ డెన్మార్క్ రాజేనని ఊరి ఐతిహ్యం. దానికి గట్టి ఆధారం లేదు.

ఈ ఊరికి ఇంకో పేరు ఉంది. వెల్ష్ భాషలో అబర్‌తావె అంటారు, తావె నది సముద్రంలో కలిసేచోటు అని అర్థం. అక్కడి జనం తమ భాషలో పిలుచుకున్న పేరు అది. అయినా 1934లో గిల్డ్‌హాల్ స్తంభం మీదికి ఎక్కింది నదిపేరు కాదు, సముద్రం దాటి వచ్చినవాడి ఓడ. రేవు పట్టణానికి ఓడ బొమ్మ సహజమే కదా అని సమాధానం చెప్పవచ్చు. అయినా రెండు పేర్లున్న ఊరు తన భవనం మీద దేన్ని చెక్కించుకుందో గుర్తు రాసుకోవడం చరిత్ర విద్యార్థి పని.

ఇక బొమ్మల సంగతి. దీనికోసం మనం కొంచెంసేపు లండన్ వెళ్లాలి.

పార్లమెంటు భవనంలో ప్రభువుల సభ వైపున రాయల్ గ్యాలరీ అనే పొడవైన గది ఉంది. దానిలో 19వ శతాబ్దంలో డేనియల్ మెక్లీస్ గీసిన రెండు బ్రహ్మాండమైన యుద్ధచిత్రాలున్నాయి. ఒకటి ట్రఫాల్గర్‌లో నెల్సన్ మరణం, రెండోది వాటర్‌లూ. మిగిలిన గోడలు ఖాళీగా ఉండేవి. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ప్రభువుల, వారి కుటుంబసభ్యుల జ్ఞాపకంగా ఆ గోడలను చిత్రాలతో నింపాలని 1920ల మధ్యలో లార్డ్ ఐవీ అనుకున్నాడు. ఈయన గిన్నెస్ బీరు కంపెనీ కుటుంబానికి చెందిన కోటీశ్వరుడు. చిత్రకారుడిగా ఫ్రాంక్ బ్రాంగ్విన్‌ను ఎంచుకున్నాడు. బ్రాంగ్విన్ 1867లో బెల్జియంలోని బ్రూజ్‌లో పుట్టాడు, తల్లి వేల్స్‌కు చెందినది. పెద్ద గోడలను నింపడంలో అప్పటికే పేరున్నవాడు.

బ్రాంగ్విన్ మొదట యుద్ధాన్నే గీశాడు. ట్యాంకు, బురద, విరిగిన చెట్లు, సైనికులు. చూసినవారికి అది మరీ భయంకరంగా తోచింది. రోజూ సభకు వచ్చే ముసలి ప్రభువులు తమ కొడుకులు చచ్చిపోయిన చోటును గోడమీద చూస్తూ నడవాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆ చిత్రాలను పక్కనపెట్టారు. అప్పుడు ఆలోచన పూర్తిగా తలకిందులైంది. యుద్ధాన్ని చూపవద్దు, ఆ యుద్ధంలో కాపాడుకున్న సామ్రాజ్యాన్ని, దాని ఫలపుష్పాలను, దాని జనాన్ని చూపిద్దాం అనుకున్నారు.

బ్రాంగ్విన్ ఏళ్లతరబడి ఈ పనిమీదే ఉన్నాడు. 16 పెద్ద చిత్రాలు తయారయ్యాయి. మొత్తం కలిపితే సుమారు 3,000 చదరపు అడుగులు. ఇండియా, బర్మా, కెనడా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, వెస్టిండీస్. పేర్లు వేరైనా వాటి స్వభావం ఒకటే. కింద అంచునుంచి పైఅంచుదాకా ఆకులు, కాయలు, పండ్లు, పూలు, రంగురంగుల పక్షులు, జంతువులు, వాటి మధ్య మనుషులు. ఖాళీ అన్నది ఎక్కడా లేదు. మన వైపు కలంకారీ తెరలు చూసినవారికి ఇలా బట్టంతా నింపే పద్ధతి కొత్తగా అనిపించదు.

1927లో లార్డ్ ఐవీ చనిపోయాడు. 1930లో అయిదు చిత్రాలను రాయల్ గ్యాలరీలో పెట్టి చూశారు. కళావిషయాల్లో ప్రభుత్వానికి సలహా ఇచ్చే రాయల్ ఫైన్ ఆర్ట్ కమిషన్ ఇవి ఆ గదికి తగవని చెప్పింది. రంగులు మరీ ఎక్కువ, హుషారు మరీ ఎక్కువ అన్నది మొత్తంమీద అభ్యంతరం. ప్రభువుల సభ వాటిని నిరాకరించింది. మొదటి బొమ్మలు మరీ దుఃఖంగా ఉన్నాయని తీసేశారు, రెండోసారి గీసినవి మరీ సంతోషంగా ఉన్నాయని తీసేశారు. చిత్రకారుడు బాగా కుంగిపోయాడు. అయినా మిగిలినవి కూడా పూర్తిచేశాడు. 1933లో వాటిని లండన్‌లో జరిగిన ఐడియల్ హోమ్ ఎగ్జిబిషన్‌లో జనానికి చూపించారు. గృహోపకరణాల మధ్య, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం మధ్య ప్రభువుల బొమ్మలు!

ఆ సమయానికి స్వాన్సీలో గిల్డ్‌హాల్ పని నడుస్తోంది. ఈ బొమ్మలు మాకివ్వండని స్వాన్సీ అడిగింది. కార్డిఫ్ కూడా అడిగింది. చివరకు స్వాన్సీకే దక్కాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. సభామందిరానికి అనుకున్న ఎత్తు ఈ చిత్రాలకు చాలదు. బొమ్మలను కత్తిరించలేరు కదా! మందిరం ఎత్తును 44 అడుగులకు పెంచారు. సాధారణంగా గోడ ముందు కట్టి, దానికి సరిపడా బొమ్మ గీయిస్తారు. ఇక్కడ బొమ్మలకు సరిపడా గోడ కట్టారు. వెయ్యిమందికి పైగా పట్టే ఆ మందిరానికి బ్రాంగ్విన్ హాల్ అనే పేరు స్థిరపడింది. ఇంకో ముచ్చట: ఆ హాల్లో ఉన్న గొప్ప ఆర్గన్ వాద్యం కూడా ఇక్కడి కోసం చేసింది కాదు. నాటింగ్‌హామ్‌లోని ఒక సినిమా హాలు కోసం విల్లిస్ సంస్థ తయారుచేసింది. మూకీ సినిమాలు పోయాక దానికి అక్కడ పని తగ్గింది. ప్రభువులు వద్దన్న బొమ్మలు, సినిమాహాలు వదిలేసిన ఆర్గన్ రెండూ చేరి ఈ మందిరం దేశంలో పేరున్న సంగీతసభల్లో ఒకటైంది. 1934 అక్టోబరు 23న ప్రిన్స్ జార్జ్ గిల్డ్‌హాల్‌ను ప్రారంభించాడు.

ఇంతవరకు కథ వినడానికి సరదాగా ఉంది. ఇప్పుడు ఆ హాల్లోకి వెళ్లి ఇండియా అని పేరున్న బొమ్మ ముందు నిలబడదాం.

ప్రభువులు ఈ బొమ్మలను తోసిపుచ్చిన 1930వ సంవత్సరంలోనే, మార్చి 12న గాంధీజీ సబర్మతినుంచి దండికి బయలుదేరారు. ఏప్రిల్ 6న అక్కడ ఉప్పు పట్టారు. మన తీరంలో కూడా ఉప్పు సత్యాగ్రహ శిబిరాలు వెలిశాయి, లాఠీదెబ్బలు, జైళ్లు మామూలయ్యాయి. ఇక్కడి మనుషులు చిటికెడు ఉప్పు కోసం పోరాడుతుంటే, అక్కడి గోడలకోసం తయారవుతున్న ఇండియా బొమ్మ పండ్లతో, పూలతో నిండి ఉంది. అందులో పన్ను లేదు, పోలీసు లేడు, ఆకలి లేదు. సామ్రాజ్యమంటే ఎవరూ నాటకుండానే కాసే తోట అన్నట్టు ఉంటుంది. మనుషులు కూడా ఆ తోటలో భాగమైపోయారు. ఒంటినిండా బట్టలేని నల్లని దేహాలను పక్షులతో, పండ్లతో కలిపి ఒకే అలంకారంగా చూపించడం ఆనాటి యూరప్ చూపు. బ్రాంగ్విన్‌కు మనమీద ద్వేషం ఉందని నేను అనడంలేదు. ఆ రంగుల్లో ప్రేమే కనిపిస్తుంది. అయితే తోటను ప్రేమించడం వేరు, తోటలో ఉన్న మనిషిని మనిషిగా చూడటం వేరు.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఈ బొమ్మలు యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకంగా మొదలయ్యాయి. ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు, సుమారు 74 వేలమంది తిరిగి రాలేదు. ప్రభువుల కొడుకుల మరణానికి గుర్తుగా గీసిన ఇండియా బొమ్మలో ఆ 74 వేలమంది జాడ లేదు. వారికోసం ఢిల్లీలో వేరే కట్టడం లేచింది. 1931లో ప్రారంభమైన ఆ కమానును ఇప్పుడు ఇండియా గేట్ అంటున్నాం.

మరి స్వాన్సీ జనం ఆ బొమ్మల్లో ఏం చూసి ఉంటారు? నా ఊహ చెబుతాను. లోయలో గడ్డిపోచ మొలవని ఊరు అది. చాలామందికి పనిలేని రోజులు. అలాంటి ఊళ్లో, పన్ను కట్టినవాడెవడైనా వచ్చి కూర్చోగల మందిరంలో, గోడలనిండా అడవులు, పండ్లు, పక్షులు. రాగి వెళ్లిన దేశాలే, ఖనిజం వచ్చిన దేశాలే, పచ్చగా మారి గోడమీదికి వచ్చాయి. ఆ ఊరికి అవి పరాయి దేశాల బొమ్మలుగా కాక, పోగొట్టుకున్న తన సొంత పచ్చదనంగా కూడా కనిపించి ఉంటాయి. ఒకే బొమ్మ ఢిల్లీనుంచి వచ్చినవాడికి ఒకటి చెబుతుంది, తావె లోయనుంచి వచ్చినవాడికి ఇంకొకటి చెబుతుంది. రెంటిలో ఒకటి అబద్ధం కావలసిన అవసరం లేదు.

ఇలాంటి గోడలముందు ఏం చేయాలన్నది నేటికీ తెగని ప్రశ్న. కార్డిఫ్ సిటీ హాల్లో వేల్స్ వీరుల పాలరాతి విగ్రహాల వరస ఒకటి ఉంది. 1916లో లాయిడ్ జార్జ్ ఆవిష్కరించాడు. వారిలో వాటర్‌లూ యుద్ధంలో చనిపోయిన థామస్ పిక్టన్ ఒకడు. అతను అంతకుముందు ట్రినిడాడ్ గవర్నరుగా ఉన్నప్పుడు బానిసలపట్ల చూపిన క్రూరత్వం, ఒక చిన్న వయసు ఆడపిల్లను చిత్రహింస పెట్టించడం ఆనాడే లండన్ కోర్టుదాకా వెళ్లాయి. 2020 జులైలో కార్డిఫ్ నగర మండలి ఆ విగ్రహాన్ని తొలగించాలని ఓటువేసి, ముందుగా చెక్కపెట్టెతో కప్పించింది. వ్యక్తి విగ్రహం విషయంలో అలా ఓటు వేయవచ్చు. కానీ గోడమీద పరుచుకున్న చెట్లను, పండ్లను ఏ పెట్టెతో కప్పుతారు? వాటిలో నేరస్తుడెవరో వేలుపెట్టి చూపలేం. కప్పడం కంటే చదవడం నేర్పడమే మేలని నా అభిప్రాయం. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. తరగతిలో వాదించుకోండి.

గిల్డ్‌హాల్‌కు ప్రమాదం కూడా త్వరలోనే వచ్చింది. 1941 ఫిబ్రవరి 19, 20, 21 తేదీల్లో వరసగా మూడు రాత్రులు జర్మన్ విమానాలు స్వాన్సీమీద బాంబులు కురిపించాయి. రెండువందల మందికి పైగా చనిపోయారు. ఊరి నడిబొడ్డు, పాత బజారు, దుకాణాల వీధులు కాలి నేలమట్టమయ్యాయి. పడమట పార్కులో ఉన్న తెల్ల భవనం నిలిచింది. 1969లో స్వాన్సీకి నగర హోదా వచ్చింది. గిల్డ్‌హాల్‌ను వేల్స్ రక్షిత కట్టడాల జాబితాలో అత్యున్నత శ్రేణిలో చేర్చారు.

చివరగా, బ్రాంగ్విన్ మొదట గీసిన ఆ యుద్ధచిత్రాలు ఏమయ్యాయని మీరు అడగాలి. ట్యాంకు ఉన్న చిత్రం కార్డిఫ్‌లోని నేషనల్ మ్యూజియానికి చేరింది. ఆ మ్యూజియం సిటీ హాల్ పక్కనే ఉంది. అంటే ఈ పని మొదలైన యుద్ధం ఒక ఊళ్లో ఉంది, ఆ యుద్ధానికి బదులుగా గీసిన తోట ఇంకో ఊళ్లో ఉంది. మధ్య గంట ప్రయాణం. రెండూ చూడాలనుకున్నవారు రైలు ఎక్కాలి.